రాయ్‌గఢ్ గూట్లో పెట్టిన పలక

పైడిరాజు గూడ్స్ గార్డు. బిలాస్‌పూర్ నుంచి రాయ్‌గఢ్‌కి, కోర్బాకి, షహడోల్‌కి బొగ్గు బండ్ల తోక పట్టుకుని తిరగడమే అతని ఉద్యోగం. తండ్రి బొబ్బిలి వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ షెడ్‌లో ఖలాసీగా చేరాడు. పైడిరాజు పుట్టిందీ, పెరిగిందీ, పెళ్ళాడిందీ అన్నీ రైల్వే క్వార్టర్లలోనే. మెట్రిక్ హిందీలో ఎలాగో గట్టెక్కాడు. తెలుగు మాత్రం తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు, క్వార్టరు సిమెంటు నేల మీద సుద్దముక్కతో.

బొగ్గు బండంటే అందరికీ దారిచ్చే బండి. మెయిల్ వస్తే పక్కకి తప్పుకోవాలి, ప్యాసింజర్ వస్తే తప్పుకోవాలి, ఖాళీ పెట్టెల బండి వచ్చినా ఒక్కోసారి తప్పుకోవాలి. ఖర్సియా దగ్గర లూప్ లైన్లో ఒకసారి నిలబెట్టారంటే మూడు గంటలు ఎవరూ అడగరు. ముందు ఇంజన్లో డ్రైవరుకి అసిస్టెంటయినా ఉంటాడు కబుర్లాడ్డానికి. వెనకాల బ్రేక్‌వ్యాన్‌లో గార్డు ఒక్కడే. కొందరు నిద్రని ఆపుకోలేక తిప్పలు పడతారు. కొందరు బీడీల మీద బీడీలు కాలుస్తారు. పైడిరాజు చదువుతాడు. బండి ఆగి ఉంటేనే చదువుతాడు, కదిలిందంటే పుస్తకం మూసి జెండా పట్టుకుంటాడు. ఆ ఒక్క విషయంలో ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేరు.

అయితే అన్ని పుస్తకాలు ఎక్కడి నుంచి వస్తాయి? దానికో ఏర్పాటుంది. రాయ్‌గఢ్‌లో, షహడోల్‌లో డ్యూటీ దిగిన గార్డులు, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములున్నాయి కదా, అక్కడ తెలుగువాళ్ళు గోడలో ఒక గూడు పట్టుకున్నారు. విశాఖపట్నం వెళ్ళొచ్చిన ప్రతివాడూ ఒక నవలో, నాలుగు వారపత్రికలో తెచ్చి గూట్లో పడేస్తాడు. వచ్చినవాడు తీసుకుంటాడు, దారిలో చదువుతాడు, అయిపోయాక ఏ ఊరి గూడు దొరికితే ఆ గూట్లో పెడతాడు. లేదా ఎదురుపడ్డ తెలుగువాడి చేతిలో పెడతాడు. చీటీ లేదు, సంతకం లేదు. చదవడమైన పుస్తకాన్ని ఇంటికి పట్టుకుపోయినవాడు దొంగ అని రూలు. ఆ రూలు పెట్టింది పైడిరాజే. అట్టలూడి, కాగితాలు పిండిపిండి అయిపోయిన ముసలి పుస్తకాలకి మాత్రం మినహాయింపు. వాటిని పైడిరాజు ఇంటికి తెచ్చి, కుట్టి, ట్రంకు పెట్టెలో పడుకోబెడతాడు.

ఇదంతా బాగానే నడిచింది, కళ్ళు మొరాయించేదాకా. యాభై ఏడో ఏట పైడిరాజుకి మైలు దూరాన సిగ్నల్ నిక్షేపంలా కనిపించేది, ముక్కు కింద అక్షరం మాత్రం చీమలబారులా కదిలేది. కళ్ళజోడు పెట్టుకుంటే అరగంటకి తలనొప్పి. రెండు సంవత్సరాలు అలాగే గడిపాడు. గూట్లోంచి పుస్తకం తీసుకుంటాడు, నాలుగు పేజీలు తిప్పుతాడు, మళ్ళీ గూట్లో పెడతాడు. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "బాగుందిరా" అనేవాడు. భార్య కనకానికి మాత్రం తెలుసు. డ్యూటీకి మోసుకెళ్ళే లైన్ బాక్సులో పుస్తకం ఎలా సర్ది పంపిందో అలాగే తిరిగి వస్తుంటే ఆ మాత్రం తెలియదా?

కనకం ఆ సంగతి కూతురి చెవిన వేసింది. తనూజ రాయ్‌పూర్లో బ్యాంకులో పనిచేస్తుంది. పిల్ల చదువంతా హిందీ, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడుతుంది గానీ, చదవమంటే రైల్వే స్టేషన్ బోర్డు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. అలాంటి పిల్ల ఏం చేసిందంటే, ట్రంకు పెట్టెలోంచి పదకొండు పుస్తకాలు సంచిలో వేసుకుని రాయ్‌పూర్ పట్టుకెళ్ళింది. "బైండింగ్ చేయిస్తాను నాన్నా" అంది. నాలుగు నెలలు పుస్తకాలు తిరిగి రాలేదు. రెండువేల పది సెప్టెంబరులో ఒక ఆదివారం పుస్తకాలూ వచ్చాయి, వాటితోపాటు ఒక తెల్లటి పలకా వచ్చింది.

పలక అని పైడిరాజు పెట్టిన పేరే. బడిపిల్లల పలకంత ఉంటుంది, ఇంకా పల్చన. టీవీలా వెలగదు, కాగితంలా చప్పగా ఉంటుంది. పక్కన మీట నొక్కితే పేజీ మారుతుంది.

"ఇందులో నీ పదకొండు పుస్తకాలూ ఉన్నాయి నాన్నా. నేనే ఒక్కొక్క పేజీ స్కాన్ చేసేను. అడ్డంగా తిప్పి పట్టుకో. చూడు, అక్షరం ఎంత పెద్దదైందో?"

పైడిరాజు అడ్డంగా తిప్పి పట్టుకున్నాడు. కళ్ళజోడు లేదు. అక్షరాలు ఒక్కొక్కటీ పప్పుబద్దంత ఉన్నాయి. ఒక వాక్యం చదివాడు. ఇంకోటి చదివాడు. ఆ తరవాత కనకం అన్నానికి పిలిచినా పలకలేదు.

"ఓలమ్మో, ఇదేటి తెచ్చేవే గుంటా?" అంది కనకం. "రెండేళ్ళ నుంచి నాతో నాలుగు ముక్కలు మాటాడతన్నాడని సంబరపడ్డాను. అదీ పోనాది."

మర్నాటి నుంచి పైడిరాజు ఉత్సాహం చూడాలి. డ్యూటీకి బయల్దేరుతుంటే ఇదివరకు లైన్ బాక్సు బరువని సణిగేవాడు. ఇప్పుడు పదకొండు పుస్తకాలూ చంకలో సంచిలోనే. మొదటిరోజు అలవాటు కొద్దీ వేలు తడి చేసుకుని పలక మూల మీద రుద్దాడు. పేజీ తిరగలేదని కాసేపు కోపగించుకుని, మీట గుర్తొచ్చి, బ్రేక్‌వ్యాన్‌లో ఒక్కడే నవ్వుకున్నాడు. అకల్తరాలో గంటన్నర ఆపితే, "ఇంకో అరగంట ఆపితే వీడి సొమ్మేం పోయింది?" అని స్టేషన్ మాస్టర్ని తిట్టుకున్నాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఎవరూ అలా తిట్టుకుని ఉండరు.

రెండు వారాల్లో మూడు పుస్తకాలు పూర్తిచేశాడు. ఒక మంగళవారం పొద్దున్న రాయ్‌గఢ్ రన్నింగ్ రూములో, మంచం మీద కూర్చుని మూడోదాని ఆఖరి పేజీ చదివాడు. బాగుంది అనుకున్నాడు. లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళి గూట్లో పెట్టాడు. మొహం కడుక్కుని, వంటవాడు ఇచ్చిన చాయ్ తాగి, డ్యూటీ ఎక్కేశాడు.

మర్చిపోయాడనడానికి లేదు. మర్చిపోతే ఎక్కడో మంచం మీద వదిలేసేవాడు. ఇతను శుభ్రంగా తీసుకెళ్ళి గూట్లో పెట్టాడు. పుస్తకం అయిపోయింది, చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

బుధవారం మధ్యాహ్నం ఇంట్లో కనకం అడిగేదాకా ఆ సంగతి తట్టనేలేదు.

"పలక తియ్యయ్యా, ఛార్జింగు పెడతాను."

పైడిరాజు సంచి తీశాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

"ఏటయ్యా?"

"కనకం, గూట్లో పెట్టేసేను."

"ఏ గూట్లో?"

"రాయ్‌గఢ్‌లో."

కనకం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అది ఎక్కడ పడితే అక్కడ దొరికే నవలేటయ్యా గూట్లో పెట్టడానికి? ఆదివారం గుంట ఒస్తాది. ఏటని చెప్తావు?"

అదే పైడిరాజు గుండెల్లో పడ్డ రాయి. వస్తువు పోతే పోయింది. కానీ నాలుగు నెలలు కూర్చుని పిల్ల చేసిన పని రెండు వారాలకే ఊరి మీద వదిలేశాడంటే, దానికి ఏమనిపిస్తుంది? నాన్నకి నా పని అక్కర్లేదు అనుకోదూ? బ్యాంకు లెక్కల హడావిడిలో పోయిన ఆదివారం రాలేదు. ఈ ఆదివారం తప్పకుండా వస్తానంది.

రాయ్‌గఢ్ రన్నింగ్ రూముకి ఫోన్ చేశాడు. వంటవాడు తీరిగ్గా, "అచ్ఛా, వో సఫేద్‌వాలా? జగన్నాథ్ గార్డ్ లే గయా" అన్నాడు. ఆ తెల్లదాన్ని పట్టుకుపోయిన జగన్నాథం కూడా గార్డే, పైడిరాజు కంటే పదేళ్ళు చిన్న. రాజ్‌కిశోర్ నగర్లో కొత్తగా ఇల్లు కట్టుకుని, ఏ మాట మాట్లాడినా అందులోకి సిమెంటు ధర తీసుకొచ్చే మనిషి.

"ఓరి జగన్నాథం, గూట్లోంచి ఏటైనా తీసేవేటిరా?"

"తీసేను కదేటి! భలే వస్తువు పైడన్నా. నువ్వే పెట్టేవా? ఎవులో మారాజు పెట్టేడు అనుకున్నాను. మా ఇంటి గచ్చు మీద పడుకుని రెండు కథలు లాగించేను. గచ్చు కూడా బాగా కుదిరిందన్నా, ఓసారి రావాల నువ్వు."

"గచ్చు సంగతి తరవాత. పలక నీకాడే ఉందా?"

"నాకాడెందుకుంటాది? చదవడం అయిపోనాది కదా. పొద్దున్న డ్యూటీ రాసుకునే లాబీలో సన్యాసిరావు బావ కనపడితే ఇచ్చేను. షహడోల్ ఎల్తన్నాడు."

"ఎవులిమ్మన్నార్రా నిన్ను?"

"ఎవులిమ్మనాల? ఇన్నేళ్ళ బట్టి ఎవులిమ్మంటే ఇస్తన్నాం? ఇంటికాడ ఉంచుకున్నోడు దొంగన్నది నువ్వే కదేటి?"

పైడిరాజు ఫోను పెట్టేశాడు. తన రూలే వచ్చి తన మెడకి చుట్టుకుంది.

సన్యాసిరావు డ్రైవరు. పైడిరాజుతో సమానమైన సర్వీసు, బావా బావా అని పిలుచుకునే చనువు. అతని ఫోను బుధవారం మోగి మోగి ఆగిపోయింది. గురువారం మోగి ఆగిపోయింది. గురువారం సాయంత్రం ఫోను కట్టేసి ఉంది.

శుక్రవారం పైడిరాజు స్కూటరేసుకుని సన్యాసిరావు క్వార్టరుకి వెళ్ళాడు. అతని భార్య అప్పలకొండ గుమ్మంలోనే నిలబడింది.

"రా అన్నయ్యా. ఆయనా? డ్యూటీకెల్లిపోనాడు."

"ఎప్పుడెల్లేడమ్మా?"

"పొద్దున్నే. తెల్లారకముందే."

పైడిరాజు కిందికి చూశాడు. గుమ్మం పక్కన సన్యాసిరావు డ్యూటీ బూట్లు ఉన్నాయి, మేజోళ్ళు కుక్కి. లోపల స్నానాలగదిలో ఎవరో చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నారు. పైడిరాజు బూట్ల వైపు చూడడం అప్పలకొండ చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"టీ తాగుతావా అన్నయ్యా?"

"ఒద్దమ్మా. ఒట్టికాళ్ళతో ఇంజన్ నడపడం కష్టం, జాగ్రత్తని చెప్పు" అనేసి వచ్చేశాడు.

దారంతా ఒకటే ఆలోచన. దాక్కున్నాడంటే ఒకటే అర్థం. పలక పగిలింది. ముప్పయ్యేళ్ళ స్నేహంలో సన్యాసిరావు దాక్కోవడం ఇదే మొదలు.

శనివారం కనకం సలహా ఇచ్చింది. "రిపేరుకి ఇచ్చేనని చెప్పేయ్. ఈలోపల దొరికితే దొరుకుతాది."

"రాయ్‌పూర్లో ఏ షాపని అడుగుతాది. అప్పుడేటి చెప్పాల?"

"నీకు అబద్ధమాడ్డం కూడా రాదు. ఏం మనిషివయ్యా?"

ఆదివారం పదిన్నరకి తనూజ బండి దిగింది. పైడిరాజు స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. బుధవారీ బజారు మలుపు తిరిగేలోపే వెనక నుంచి పిల్ల అడగనే అడిగింది.

"ఎన్ని పుస్తకాలయ్యాయి నాన్నా?"

"మూడు."

"అరే వాహ్! నాలుగోది ఏది మొదలెట్టేవు?"

వెనక కూర్చుంది కాబట్టి మొహం చూడక్కర్లేదు. ఆ ధైర్యంతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గూటి సంగతి, జగన్నాథం సంగతి, సన్యాసిరావు బూట్ల సంగతి. కూరగాయల బళ్ళు దాటారు, కాలనీలోకి తిరిగారు, క్వార్టరు ముందు ఆగారు.

దిగాక తనూజ అంది. "పదకొండు పుస్తకాలు నాన్నా. రెండువేల ఎనిమిదొందల పేజీలు. ఆఫీసులో అందరూ ఎళ్ళిపోయాక స్కానర్ దగ్గర నిలబడి చేసేను. ఒక్కో పేజీ. మేనేజర్‌కి ఎన్నిసార్లు సారీ చెప్పేనో తెలుసా? ఔర్ తుమ్‌నే ఉసే... గూట్లో పెట్టేసేవు."

"తప్పయిపోనాది తల్లీ."

"తప్పు కాదు నాన్నా. నీకు ఒక్కసారైనా తట్టలేదు కదా, ఇది నా బిటియా ఇచ్చింది అని?"

పైడిరాజుకి తట్టలేదన్నది నిజం. అంత బాగా చదువుకోగలిగాడు కాబట్టే అది పలకనీ, కూతురిచ్చిందనీ కూడా మర్చిపోయాడు, పుస్తకమే అనుకున్నాడు. కానీ ఆ మాట ఎలా చెప్పాలో తెలియక స్కూటరుకి స్టాండు వేసే పని పెట్టుకున్నాడు. తనూజ లోపలికెళ్ళి సంచి మంచం మీద పడేసి, "నేను నాలుగింటి బండికే ఎల్లిపోతాను" అని తల్లితో అంది.

భోజనాలవేళ సన్యాసిరావు వచ్చాడు. చేతిలో తువ్వాలు మూట. మూటని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. గుమ్మం దాటాడో లేదో మొదలుపెట్టాడు.

"బావా, కొడితే కొట్టు. నాను పగలగొట్టలేదు. దానంతట అదే చచ్చిపోనాది. ఖోంగ్సరా దగ్గర ఘాట్ ఎక్కే ముందు బండి ఆపేరు. చదువుతా ఉన్నాను. చదువుతా ఉండగానే ఖాళీ డబ్బా బొమ్మొకటి ఒచ్చి ఆగిపోనాది. నా ఫోను పిన్ను పెట్టేను, ఎక్కలేదు. మా అసిస్టెంటుది పెట్టేను, ఎక్కలేదు. గట్టిగా నొక్కేను బావా. లోపలేటో విరిగినట్టున్నాది. అందుకే నీకు మొహం చూపించలేకపోయేను."

తనూజ లేచి వచ్చి మూట విప్పింది. అటూ ఇటూ తిప్పి చూసింది. కింద కన్నంలోకి ఊదింది. ఇంట్లో ఉన్న ఛార్జరు తెచ్చి గుచ్చింది. చిన్న దీపం వెలిగింది.

"ఏం విరగలేదు మావయ్యా. ఆకలేసింది దానికి, అంతే."

సన్యాసిరావు గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. కనకం నీళ్ళిచ్చింది. అతను తాగలేదు. వెంటనే కళ్ళు తెరిచి అడిగాడు.

"మరైతే ఆడు బతికేడా?"

"ఎవులు?" అంది కనకం, హడలిపోయి.

"బాయిలో ఉన్నోడు!"

పలకలోని నవల సంగతి అది. ఒక మెట్ట ఊళ్ళో నీళ్ళ కోసం బావి తవ్వుతుంటారు. యాభై అడుగులు దిగారు, చుక్క లేదు. సూరమ్మ మొగుడు ఒక్కడే లోపల ఉన్నాడు. గడియకోసారి తాడు లాగి బాగున్నానని చెప్పాలి. సూరమ్మ పైన తాడు పట్టుకుని కూర్చుంది. తాడు కదల్లేదు. ఇంకా కదల్లేదు. సరిగ్గా అక్కడ పలక ఆరిపోయింది.

"నాలుగు రోజులైనాది బావా" అన్నాడు సన్యాసిరావు. "అన్నం దిగడం లేదు. ఆ తాడే కనపడతాది. మా అప్పలకొండ అడుగుతాది, ఏటలా పైకి చూస్తన్నావని. ఏటని చెప్పను?"

పైడిరాజుకి నవ్వాగలేదు. కనకం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తనూజ మాత్రం నవ్వలేదు. పలకని చూస్తోంది. పలక మేలుకుని, సరిగ్గా సన్యాసిరావు ఆగిన పేజీనే చూపించింది.

"ఈ పేజీ నాకు తెలుసు" అంది. "నూట నలభై రెండు. మూల మీద నూనె మరకుంది చూడు. దీన్ని మూడుసార్లు స్కాన్ చేసేను. మరక నల్లగా వచ్చేసేది."

"అయితే ఆడేటయ్యేడో నీకు తెలుసన్నమాట!" అన్నాడు సన్యాసిరావు ఆశగా.

"నాకెలా తెలుస్తుంది మావయ్యా? నేను చదవలేను కదా. నంబర్లు చూసుకుని చేసేను."

పైడిరాజు నవ్వు ఆగిపోయింది. ఆ సంగతి అతనికి తెలియంది కాదు. కానీ ఇప్పుడు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. ఒక్క ముక్క అర్థం కాని పేజీలు రెండువేల ఎనిమిది వందలు, ఒక్కోటీ సరిగ్గా పరిచి, మరక నల్లగా వస్తే మళ్ళీ తీసి, పిల్ల నిలబడి చేసింది. తాను అవి చదివి, మురిసి, ఇందులో ఇలా ఉంది తల్లీ అని ఒక్క కథయినా దానికి చెప్పలేదు.

"కూచో తనూ" అన్నాడు. "సన్నేసీ, చదువు. పైకి చదువు, అందరికీ వినపడేటట్టు."

"నానా? నాకు సిగ్గుగా ఉంటాది బావా."

"బూట్లిప్పి దాక్కున్నప్పుడు లేదేటి సిగ్గు? చదువు."

సన్యాసిరావు గొంతు సవరించుకుని చదివాడు. ఇంజన్ చప్పుడులో అరిచి అరిచి అలవాటైన గొంతు, క్వార్టరు దద్దరిల్లింది. సూరమ్మ తాడు లాగుతుంది. పిలుస్తుంది. జవాబు లేదు. ఊళ్ళోవాళ్ళు పోగవుతారు. ఇంకొకడు నడుముకి తాడు కట్టుకుని దిగబోతాడు. అప్పుడు కింద నుంచి ఏదో పైకి వచ్చి సూరమ్మ కాళ్ళ దగ్గర పడుతుంది. తడి మట్టి ముద్ద. మొగుడు తాడు సంగతే మర్చిపోయి, అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, చెమ్మ తగిలిన మట్టిని రెండు చేతుల్తో తోడుతున్నాడు.

"హమ్మయ్య!" అంది తనూజ గట్టిగా. తరవాత చిరాగ్గా, "ఎంత మనిషి! పైన ఆవిడ చచ్చిపోతుంటే ఈయనకి ఒంటి మీద ధ్యాసే లేదు. తాడు ఒక్కసారి లాగితే ఏం పోయింది?"

తనూజ తండ్రి వైపు చూసింది. పైడిరాజు తల గోక్కున్నాడు.

"సంతోషంలో తెలీలేదమ్మా" అన్నాడు మెల్లిగా. "నీళ్ళు కనపడగానే మరేటీ తోచదు."

తనూజ పక్కున నవ్వింది. "ఆవిడ ఈయన్ని ఏమంటుంది? తిడుతుందా లేదా? నాకది కావాలి. చదువు మావయ్యా."

"నాకు రెండింటికి డ్యూటీ తల్లీ."

"అయితే నాన్న చదువుతాడు."

సన్యాసిరావు ఒక ముద్ద తిని, "ఏటవుతాదో రేపు ఫోన్లో చెప్పాల బావా, ఈసారి ఎత్తుతాను" అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. పైడిరాజు చేతులు కడుక్కుని వచ్చి, కళ్ళజోడు లేకుండా, పలకని అడ్డంగా పట్టుకుని మొదలుపెట్టాడు. మీట నొక్కే పని తనూజది. నాలుగింటి బండి వెళ్ళిపోయింది. ఐదున్నర బండి వెళ్ళేటప్పటికి సూరమ్మ మొగుణ్ణి ఇంకా తిడుతూనే ఉంది. కనకం పొయ్యి మీద పప్పు మాడబెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు. తనూజ సోమవారం తెల్లారగట్ల బండికి రాయ్‌పూర్ వెళ్ళింది, వెళ్ళే ముందు ట్రంకు పెట్టెలోంచి ఇంకో ఐదు పుస్తకాలు సంచిలో వేసుకుని, ఒక్కోదాంట్లో కథేమిటో తండ్రి చేత చెప్పించుకుని మరీ.